మొక్కు చేప, పెరుగన్నం

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ భూమ్మీద ఏదీ ఉండేది కాదు. డిగ్రీ ఆఖరి సంవత్సరం, జేబులో ఫోను, ఎవరేమన్నా ఖండించడానికి సిద్ధంగా ఒక నాలుక. ఇంకేం కావాలి? శ్రీకూర్మం దాటాక సముద్రం ఒడ్డున మా మావ ఊళ్ళో ఉంటూ, రోజూ బస్సెక్కి శ్రీకాకుళం కాలేజీకి వెళ్ళేవాణ్ణి. (అంటే, బస్సు మాత్రం రోజూ ఎక్కేవాణ్ణి.) మావ అంటే మా అమ్మ తమ్ముడు. ఇంజను బిగించిన చిన్న పడవ మీద వేకువనే వేటకి పోయి పొద్దెక్కేసరికి ఒడ్డుకి చేరేవాడు. నా తిండీ, అత్త తిండీ, కుక్క తిండీ అన్నీ ఆ పడవలోంచే దిగేవి.

కుక్క పేరు సరంగు. పడవ నడిపేవాణ్ణి అక్కడ సరంగు అంటారు. ఆ బిరుదు దానికి ఊరికే రాలేదు. నేనక్కడికి రాకముందు ఒక చలికాలం మంచు కమ్మేసి, ఒడ్డు ఎటో తెలియక మావ సముద్రం మీద తిరుగుతూంటే, ఇది ఇసుకలో నిలబడి గొంతు పోయేదాకా అరిచిందట. ఆ అరుపు పట్టుకునే పడవ ఒడ్డుకొచ్చింది. మావ అక్కడికక్కడే గంగమ్మ తల్లికి మొక్కాడు: ఈ కుక్క బతికున్నంత కాలం వలలోంచి తీసిన మొదటి చేప దీని నోట్లోనే వేస్తాను, నువ్వు నన్ను రోజూ ఇంటికి చేర్చు అని. మావ మాట తప్పలేదు, గంగమ్మా తప్పలేదు. మధ్యలో నలిగింది కుక్క కడుపు.

ముసలితనం వచ్చాక సరంగుకి చేప పడలేదు. తిన్నది తిన్నట్టే కక్కేది. తర్వాత నెత్తురు పడటం మొదలైంది. డొక్కలు లోపలికి పోయి, కూర్చుంటే లేవలేక, లేస్తే నిలబడలేక ఉండేది. అయినా పడవ కనబడగానే తూలుకుంటూ వెళ్ళి నోరు తెరిచేది. మావ మొహం పక్కకి తిప్పుకుని చేప వేసేవాడు. చూడలేక నేనే దాన్ని గోనెసంచిలో చుట్టి ఆటోలో పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాను. (దారిలో అది నా ఒళ్ళో చేసిన పని ఇక్కడ రాయను. ఆ ఆటో ఆయన ఇప్పటికీ నేను చెయ్యెత్తితే ఆపడు.) డాక్టరుగారు దాని పొట్ట నొక్కి చూసి, "మెత్తటి అన్నంలో పెరుగు కలిపి కొంచెం కొంచెంగా అలవాటు చెయ్యండి. మళ్ళీ చేప పెడితే మాత్రం బతకదు" అన్నారు.

ఇంటికొచ్చి ఆ మాట చెబితే మావ అడిగింది ఒక్కటే. "మరి మొక్కో?"

నేను ఉపన్యాసం అందుకున్నాను. సముద్రం అంటే ఉప్పునీళ్ళనీ, దానికి కుక్కలతో లెక్కాపత్రం ఉండదనీ చెప్పాను. మావ కదల్లేదు. అప్పుడు అడ్డదారులు వెతికాను.

"పోనీ, చేప దాని ముక్కుకి తాకించి తీసేద్దాం మావా."

"గంగమ్మ సెవిలో పువ్వెట్టమంటావేట్రా?"

"అయితే ఇంకో కుక్కకి వేద్దాం."

"రేప్పొద్దున్న నీ పెళ్ళయితే పీటల మీద ఇంకోడ్ని కూకోబెడతావేటి?"

 మావ సరంగు వైపు చూశాడు. అది పడుకునే తోకతో నేలని ఓసారి కొట్టింది. "సరే, పెరుగన్నమే ఎట్టండి" అని లేచి వల బాగుచేసుకోవడానికి పోయాడు. చదువు గెలిచిందని నేను కాలరెగరేశాను.

పెరుగన్నాన్ని సరంగు పరువు నష్టంగా భావించింది. పళ్ళేనికి వీపు తిప్పి కూర్చునేది. "రేవు కుక్కకి పెరుగన్నమేటి బాబూ, రేపు ఆవకాయ కూడా అడుగుతాది" అని దారినపోయేవాళ్ళు నవ్వేవాళ్ళు. అత్త పక్కన కూర్చుని వేలితో దాని మూతికి రాసేది, అది విసుక్కుంటూ నాకేది. అలా నాకించి నాకించి ముద్దకి తెచ్చింది. కక్కడం తగ్గింది, నెత్తురు ఆగింది. ఇంట్లో మాత్రం మాటలు తగ్గిపోయాయి. వేటకి పోయేముందు అత్తతో ఏదో ఒకటి తగువేసుకుని గానీ కదలని మావ, ఇప్పుడు గుమ్మంలో ఆగి ఇంట్లోకి ఓసారి చూసి వెళ్ళిపోతున్నాడు. పడవ వచ్చేదాకా అత్త ఏమీ తినకుండా ఇసుకలో కూర్చుంటోంది. చల్లగాలికి కాబోలనుకున్నాను.

ఒకరోజు గాలి తిరిగింది. పడవలన్నీ హడావిడిగా వచ్చేశాయి, మావది రాలేదు. పొద్దు నడినెత్తికెక్కింది, అయినా రాలేదు. ఫోను చేస్తే మోగడం లేదు. వెనకాల ఎవరో ముసలావిడ, "మొక్కు తప్పినోడ్ని తల్లి ఊరుకుంటాదేటి?" అంది. అంతే, నా డిగ్రీ మూడు సంవత్సరాలూ అలల్లో కొట్టుకుపోయాయి. పక్క పడవవాళ్ళ గంపలోంచి ఒక చేప లాక్కుని, ఇసుకలో పడి లేస్తూ సరంగు దగ్గరికి పరిగెత్తాను. "తల్లీ, మావని పంపించెయ్, ఇదిగో నీ చేప, తప్పు నాది, మావది కాదు" అని గొణుగుతూ దాని మూతి దగ్గర పెట్టాను. సరంగు వాసన చూసి, ఆశగా నోరు తెరిచింది.

అత్త చెయ్యి నా మణికట్టు మీద పడింది. "ఒగ్గేయ్."

"మావ అత్తా..."

"ఒగ్గేయమన్నానా! పెరుగన్నం ఎట్టిన కాడ్నించి మీ మావ రోజూ నీకు ఇనబడకుండా నాకు సెప్పే యెల్తన్నాడు. నాను రాకపోతే కుక్క మీద కోపం ఎట్టుకోకండి, దానికి కూడు మానకండి అని. ఆడు రాకపోతే ఆ మాటొకటే నాకు మిగుల్తాది. బయమేస్తే ఏడు. సేప మట్టుకు ఎట్టకు."

ఏడ్చాను, సిగ్గులేకుండా ఏడ్చాను. నా ఉపన్యాసం ఎవరినీ మార్చలేదని అప్పుడు తెలిసింది. మొక్కు తప్పితే సముద్రం తనని తిరిగి పంపదని మావ గట్టిగా నమ్ముతూనే, రోజూ పడవ ఎక్కాడు.

ఎండ వాలుతున్నప్పుడు మావ పడవని ఇంకో పడవ తాడుకట్టి లాక్కొచ్చింది. ఇంజను ఆగిపోయిందట, అంతే. మావ పెదాలు పగిలి, నిలువునా తడిసి దిగాడు. అత్త మావ భుజం మీద ఒక్కటి వేసి, ఇసుకలో కూలబడి గొల్లుమంది. సరంగు మెల్లగా నడిచి వెళ్ళి నోరు తెరిచి నిలబడింది. మావ దాన్ని చూశాడు, వలలోంచి ఒక చేప తీశాడు.  మావ వెనక్కి తిరిగి దాన్ని సముద్రంలోకి విసిరేశాడు.

"నీ సేప నువ్వే తీసుకో తల్లీ. దీన్ని నాకొగ్గేయ్" అన్నాడు.

ఆ ఏడాది వానలు వెళ్ళేదాకా సరంగు పెరుగన్నం తిని బతికి, ఎండలో పడుకుని నిద్రలోనే పోయింది. మావ ఇప్పటికీ మొదటి చేప నీళ్ళలోకే వేస్తాడు. నేను ఉద్యోగం పేరుతో గరివిడి వచ్చేశాను. ఎవరైనా నమ్మకాల గురించి వాదనకి దిగితే టీ తాగుతూ వింటాను, నోరెత్తను. అప్పుడప్పుడు ఆ కాలేజీ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది, పాపం. గంగమ్మ లేదని అంత గట్టిగా చెప్పినవాణ్ణీ, ఆవిడ కాళ్ళు అంత గట్టిగా పట్టుకున్నవాణ్ణీ ఆ రేవులో వాణ్ణి తప్ప ఇంకొకణ్ణి నేను చూడలేదు.