రివర్స్ గేరు లేని సారథి

ముందు నష్టాల పట్టీ చదువుతాను, గుండె చిక్కబట్టుకుని వినండి. నీళ్ల డ్రమ్ము ఒకటి. తులసి కుండీ ఒకటి. కారు పక్కద్దం ఒకటి. తెగిన చెప్పులు మూడు, జతలు కాదు, విడివిడిగానే మూడు. చెమటకు నాని పనికిరాకుండా పోయిన మాస్కులు పది. లెక్కల మనిషిగా నాకున్న పరువు మొత్తం. ఇదంతా సూరత్‌లో, నూట ఇరవై అడుగుల పొడవున్న సందులో, ఒక్క మధ్యాహ్నం జరిగింది.

అప్పుడూ ఇప్పుడూ మేం పర్వత్ పాటియా దగ్గర గదిలోనే ఉంటున్నాం. నేను పాండేసరలో రంగుల మిల్లు సరుకు లెక్కలు రాసేవాణ్ని. చదివింది ఏడో తరగతే. శాతాలు మాత్రం సొంతంగా నేర్చుకున్నాను. ఆ గర్వమే నన్ను ముంచింది.

కరోనా మొదటి ఏడు లాక్‌డౌన్ సడలించగానే, ఖటోదరాలో ఒక షెడ్డు ముందు సారథి కారు కనిపించింది. ఆ కంపెనీ మూతపడి ఇరవై ఏళ్లు! స్టీరింగ్ పక్కనే గేరు కడ్డీ, సోఫాలాంటి ముందు సీటు, పెళ్లిచూపుల్లో కూర్చున్న కుర్రాడిలా బిక్కుబిక్కుమనే గుండ్రటి లైట్లు. చిన్నప్పుడు మా మగ్గాల సేటు సారథి దిగి తలుపు వేస్తే, ఆ 'ధబ్' వినడానికే పని మానేసి నిలబడేవాణ్ని.

"సబ్ బఢియా హై, సేఠ్. బస్, రివర్స్ నహీ హై," అన్నాడు మెకానిక్. గేరు పళ్లు అరిగిపోయాయట, కొత్తవి ఎక్కడా దొరకవట. అందుకే సగం ధర.

నేను తొందరపడే మనిషినా? మర్నాడు నోటుబుక్కుతో చౌరస్తాలో నిలబడి మూడు వందల కార్లు లెక్కపెట్టాను. వెనక్కి వెళ్లింది ఒక్కటే. అదీ దారి తప్పి! మా సందుకు రెండు చివరలూ తెరిచే ఉంటాయి, ఇటు దూరి అటు పోవచ్చు. మూడు వందల్లో ఒక్కదాని కోసం సగం ధర ఎవరు వదులుకుంటారు, మీరే చెప్పండి. కొనేశాను.

"ఎన్కకు పోని బండి ఏం బండయ్యా?" అంది మా ఆవిడ సుగుణ.

"మనం ముందుకే పోతం!"

వారం తిరక్కుండానే సుగుణ తమ్ముడు మల్లేశానికి ఊరెళ్లే రైల్లో సీటు దొరికింది. అతనికి కూతురు పుట్టి మూడు నెలలు. ఆ మొహం ఫోన్లో చూడటమే తప్ప ఒక్కసారి ఎత్తుకున్నది లేదు. "ఆటో ఎందుకు బామ్మర్దీ, సారథిల దింపుత," అని నేనే కోతలు కోశాను.

మల్లేశం సంచీతో ఎక్కి కూర్చున్నాక చూద్దును కదా, సందు అటు చివర నిండా వెదురుబొంగులు! పక్క వీధిలో కేసు వచ్చిందని కార్పొరేషన్ వాళ్లు కట్టేసి పోయారు. కారు ముక్కు బొంగులను వాసన చూస్తోంది.

"ఇగ ఎన్కకు తియ్యి బావా."

నేను గేరు కడ్డీని తుడవడం మొదలుపెట్టాను.

"బావా?"

"మూడొందలల్ల ఒక్కసారి..."

"ఏంది?"

"దిగి జర తొయ్యి."

ఇంటి పక్క నర్సయ్య మరో తొమ్మిది మందిని పోగేశాడు. "తోస్తం గని రాజన్నా, ఈ బండిల మనిషికో రౌండు తిప్పాలె. రాస్కో!"

"రాస్కుంట, ముందైతే తొయ్యుండ్రి!"

వెనక్కి వెళ్లడమంటే మైనస్ కదా, మైనస్‌లో కుడి ఎడమవుతుందని నా లెక్క. స్టీరింగ్ తిరగేసి తిప్పాను. డ్రమ్ము పోయింది.

"కుడికి, రాజన్నా!"

"ఏ కుడి? నీదా, నాదా?"

తులసి కుండీ పోయింది. "ఊభా రహో! అరే మారీ తులసీ!" అంటూ, ఆగమని అరుస్తూ గుజరాతీ ముసలమ్మ కాంతాబా చీపురుతో వెంటపడింది. ఆవిడకు భయపడి వాళ్లు ఇంకా గట్టిగా తోశారు. పక్కద్దం గోడకు అంకితం.

ఎలాగో మెయిన్ రోడ్డెక్కి ముందుకు దూసుకుపోయాం. అర మైలు దాటగానే కానిస్టేబుల్ లాఠీ అడ్డం పెట్టాడు. "రాస్తా బంద్. పీఛే లో."

"సాబ్, పీఛే నహీ జాతీ."

"యే గాడీ హై యా జిద్దీ బైల్?"

మాకు రైలుందనీ, ఆయనకూ ఒక రౌండు తిప్పుతాననీ బతిమాలాను. మొండి ఎద్దును తోసినట్టు మల్లేశంతో పాటు ఆయనా భుజం పెట్టాడు. వేరే దారిన స్టేషన్ చేరాం.

కాసేపటికి రైల్లోంచి మల్లేశం ఫోన్. "ఎక్కిన బావా! కూసున్ననో లేదో రైలు కదిలింది. గని గది కాడ్నుంచి నడుసుకుంట అస్తే గంట. నీ సారథిల గంటా పది నిమిషాలు."

మర్నాడు ఫొటో పంపాడు. ఒళ్లో పిల్ల, పిల్ల గుప్పిట్లో వాళ్ల నాన్న మాస్కు.

ఉన్న మూడు గేర్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: మూతపడిన కంపెనీ కారును ఇక కొనను. కొన్నా, చౌరస్తాలో నిలబడి లెక్కపెట్టను.

బాకీ మాత్రం తీరుస్తూనే ఉన్నాను. బొంగులు పోయి అక్కడ ఏకంగా గోడ లేచింది. అందుకని నలుగురిని తిప్పాలంటే ఆరుగురు బయటికి తోయాలి, ఆ ఆరుగురికీ మనిషికో రౌండు. రెండుసార్లు తిప్పాను. కానిస్టేబుల్‌తో కలిపి ఉన్న పదకొండులో ఎనిమిది తీరాయి, పన్నెండు పెరిగాయి.

నేటికి బాకీ: పదిహేను రౌండ్లు.