బాలశౌరికి జత

మా ఘాట్‌లో ఎవరూ ఒంటరిగా నీళ్ళలో దిగకూడదు. భవానీపురం మెట్ల మీద రోజూ పొద్దున ఆరింటికి చేరే మా ఈత సంఘానికి బోలెడు నియమాలున్నాయి. వాటిలో సగం బోర్డు మీద రాసుకోవడానికే పనికొస్తాయి. జత నియమం మాత్రం అలా కాదు. ప్రతివాళ్ళకూ ఒక జత ఉండాలి, ఇద్దరూ కలిసే దిగాలి, కలిసే పైకి రావాలి. జత రాని రోజున ఎంతటి ఈతగాడైనా మెట్ల మీద కూర్చుని పాదాలు తడుపుకుని ఇంటికి పోవలసిందే.

మా అందరిలోకీ గొప్ప ఈతగాడు బాలశౌరి. ఆటోనగర్‌లో లారీల బరువు మోసే కమాన్ కట్టలు మార్చే షెడ్డు నడుపుతాడు. నలభై మూడేళ్ళ మనిషి. అతను బార వేస్తే నీళ్ళు చప్పుడు చెయ్యవు. నేను వేస్తే గేదె దిగినట్టే ఉంటుంది. నా పేరు రమాసుందరి, జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. మోకాళ్ళ నొప్పులకు డాక్టరు ఈత కొట్టమంటే యాభయ్యో ఏట కృష్ణలో దిగాను. నీళ్ళలో తేలే సూత్రం పిల్లలకు పాతికేళ్ళు బోర్డు మీద నేర్పినదాన్ని, నీళ్ళలో మటుకు రాయిలా మునిగాను. తేలడం నాకు నేర్పింది బాలశౌరే. మా జత అలా కుదిరింది.

నాకు నోటిదురుసు ఎక్కువ. అది కాలేజీలో తెలుసు, ఘాట్‌లో తెలుసు, ఇంట్లో సంగతి చెప్పక్కర్లేదు. అందుకే బాలశౌరి తాగుతాడన్న సంగతి నాకు చాలాకాలం ఎవరూ చెప్పలేదు.

ఈతగాళ్ళు నడుముకు తాడుతో ఒక నారింజ రంగు గాలిబుడగ కట్టుకుని వెనకాల లాక్కుపోతారు. అలసిపోతే దాన్ని పట్టుకుని తేలొచ్చు. అందులో నీళ్ళు చొరని చిన్న అర ఉంటుంది, ఫోనూ తాళాలూ పెట్టుకోవడానికి. బాలశౌరి అందులో క్వార్టర్ సీసా పెట్టుకునేవాడు. నదిలో కొంత దూరాన ఉన్న ఇసుక మేటకు నాకంటే చాలా ముందే చేరి, అక్కడ ఖాళీ చేసి, తిరిగి ఈదుకుంటూ వచ్చేవాడు. చూసినవాళ్ళు కూడా పట్టించుకోలేదు. ‘నీళ్ళలో పడితే మత్తు దిగిపోద్దండీ’ అన్నది మా ఘాట్‌లో పాతుకుపోయిన నమ్మకం. చదువుకున్నవాళ్ళు కూడా అనేవాళ్ళు. చన్నీళ్ళకు ఒళ్ళు జలదరిస్తుందే గాని రక్తంలో ఉన్నది ఎక్కడికీ పోదని చెప్పవలసిన ఫిజిక్స్ మేడమ్‌ని నేను ఆ ఘాట్‌లోనే ఉన్నాను, నన్నెవరూ అడగలేదు.

మూడేళ్ళ కిందట ఒక మార్చి ఆదివారం మేమిద్దరం ఇసుక మేటకు బయల్దేరాం. దగ్గరే కదా, జత ఉన్నాడు కదా అని నేను బుడగ కట్టుకోలేదు. ఆ తప్పు నాదే. బాలశౌరి నన్ను దాటి ముందే మేట చేరాడు. సగం దూరంలో నా పిక్క పట్టేసింది. కేక వేశాను. నోట్లోకి నీళ్ళొచ్చాయి. మళ్ళీ కేక వేశాను. చేపల వల తీస్తున్న ఒక ముసలాయన పడవ తిప్పుకొచ్చి, నన్ను బస్తాను లాగినట్టు లోపలికి లాగాడు. నేను ఒడ్డున కక్కుకుంటూ కూర్చుంటే అరగంటకు బాలశౌరి వచ్చాడు. దగ్గరికి రాగానే గుప్పున వాసన.

“నేను చూళ్ళేదు మేడంగారూ. నిజంగా చూళ్ళేదు” అన్నాడు.

నేనేమన్నానో ఇక్కడ రాయను. ఆ పూట ఘాట్ మెట్ల మీద బట్టలుతుక్కునేవాళ్ళు కూడా ఉతకడం ఆపి విన్నారు. మర్నాటి నుంచి అతను రాలేదు.

తర్వాత తెలిసింది, ఆ ఆగస్టులో షెడ్డులోనే రక్తం కక్కుకుని పడిపోయాడని, ఆసుపత్రిలో ఇరవై రోజులున్నాడని. ఆ పైన వాళ్ళ చర్చి హాల్లో గురువారం సాయంత్రాలు జరిగే మీటింగుకి వెళ్ళడం మొదలుపెట్టాడట. తాగుడు మానినవాళ్ళూ మానాలనుకునేవాళ్ళూ అక్కడ కూర్చుని తమ సంగతులు చెప్పుకుంటారు. కార్తీకమాసంలో ఒక పొద్దున చిక్కిపోయిన భుజాలతో ఘాట్‌కొచ్చాడు. ఎవరూ జత కట్టలేదు. పలకరించారు, టీ ఇచ్చారు, నీళ్ళలోకి మాత్రం రమ్మనలేదు. అతను మెట్ల మీద కూర్చునేవాడు. అలా పదిహేను రోజులు.

పదహారో రోజున నా దగ్గరికొచ్చాడు.

“మేడంగారూ, పొద్దున లేవగానే ఒళ్ళంతా అదే అడుగుద్దండీ. ఒక్క ముప్పావుగంట నీళ్ళలో ఉంటే ఆ పూట గడిచిపోద్ది. మీరు సరేనంటే...”

“నేను చావలేదని మళ్ళీ ప్రయత్నిస్తావా?” అన్నాను. తలొంచుకుని వెళ్ళిపోయాడు. నాకు జాలి వెయ్యలేదు. వేసిందని ఇప్పుడు చెబితే అబద్ధమవుతుంది.

వారం తిరక్కుండా అతని భార్య మార్త మా ఇంటికొచ్చింది. గుణదలలో టైలరింగ్ చేస్తుంది. కుర్చీ అంచున కూర్చుంది.

“మా ఆయన ఒక్కడే ఈదుతున్నాడండీ. నదికి ఎగువన ఎక్కడో, ఎవరూ లేని చోట. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు. షెడ్డు సంగతి పట్టదు, ముద్ద సయించదు. సీసా వదిలాడని మొక్కు తీర్చుకున్నాను, ఇప్పుడు కృష్ణని పట్టుకున్నాడు. అదీ తాగుడేనండీ మేడంగారూ. కాకపోతే ఇందులో మునిగి చచ్చిపోతాడు.”

నాకు ఒళ్ళు మండిపోయింది, అతని మీద, ఆవిడ చెప్పింది నిజమైనందుకు ఇంకా ఎక్కువగా. మర్నాడు బాలశౌరిని పిలిచాను.

“రోజుకు ఒక్కసారే. ముప్పావుగంటే. అంతకు మించి ఒక్క బార వేసినా నేను గట్టెక్కేస్తాను. దిగే ముందు రోజూ నా మొహం మీద ఊదాలి. ఇష్టమైతే ఉండు, లేకపోతే పో.”

“ఊదనాండీ?” అన్నాడు వెంటనే.

అలా మొదలైంది మా ఘాట్‌లో ఊదుడు. మొదట అందరూ నవ్వారు. నాకూ అదేం సుఖంగా లేదు. రాత్రి ఎండుచేపల ఇగురు తిన్న మనిషి పొద్దున్నే మొహం మీద ఊదితే ఎలా ఉంటుందో అనుభవించినవాళ్ళకే తెలుసు. నెల తిరిగేసరికి ప్రతి జతా ఊదుకోవడం మొదలుపెట్టింది. ముందు సరదాకే. ఒక ఆదివారం మా అధ్యక్షుడు వీరభద్రరావు గారి దగ్గర వాసనొచ్చింది. ఇరిగేషన్‌లో ఇంజినీరుగా చేసి రిటైరైన పెద్దమనిషి. శనివారం రాత్రి రెండు పెగ్గులు వేసుకుంటారు. నలభై ఏళ్ళుగా మూడోది ముట్టుకోలేదు. ఆ మాట నిజం, నేను నమ్ముతాను. ఆయన జత దిగనన్నాడు. వీరభద్రరావు గారు చిన్నబుచ్చుకున్నారు గాని, ఆ తర్వాత మర్నాడు నీళ్ళలో దిగేవాళ్ళెవరూ ముందు రాత్రి తాగకూడదని ఆయనే బోర్డు మీద రాయించారు.

“లిమిట్ అంటూ ఉంటే ఏ ఇబ్బందీ లేదు బాలశౌరీ. నువ్వూ అలవాటు చేసుకోవచ్చు” అన్నారొకసారి.

“మీ లిమిట్ రెండండీ. నా లిమిట్ సున్నా” అన్నాడు బాలశౌరి. అందరితో పాటు ఆయనా నవ్వారు.

ఏడాదీ రెండు నెలలూ అలా గడిచాయి. షెడ్డు మళ్ళీ గాడిలో పడింది. ఆదివారాలు ఈత కాగానే గబగబా తల తుడుచుకుని మార్తతో రెండో పూజకు చర్చికి పరుగెత్తేవాడు. నాకు మాత్రం ఒక బెంగ మిగిలిపోయింది. ఇసుక మేట దాటి నడి నదిలోకి పోతే నా గుండె దడదడలాడేది, పిక్క పట్టకుండానే పట్టినట్టుండేది. మా సంఘం ఏటా మాఘమాసంలో ఒక ఆదివారం నదిని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఈదుతుంది. ఆ ఒక్క రోజుకే అనుమతి, వెనకాల పోలీసుల పడవ. ఒక్కసారి అవతలి గట్టు ముట్టుకుంటే ఆ భయం నన్ను వదిలిపోతుందని నా నమ్మకం. బాలశౌరికి చెప్పాను. అక్టోబరు నుంచి నా చేత రోజూ ఒక పాతిక బారలు ఎక్కువ వేయించాడు. “తొందరపడకండి మేడంగారూ, అవతలి ఒడ్డు ఎక్కడికీ పోదు” అనేవాడు. పోలీసులకిచ్చిన జాబితాలో ఏడో జత మాది. ఆ జాబితా ఒకసారి ఇచ్చాక మారదు.

ఆ ఆదివారం పొద్దున పొగమంచు ఇంకా తేలిపోలేదు. అందరూ టోపీలు పెట్టుకుని, ఒంటికి నూనె రాసుకుని సందడిగా ఉన్నారు. బాలశౌరి ప్యాంటూ చొక్కాతో నిలబడి ఉన్నాడు.

“ఇంకా బట్టలు మార్చుకోలేదేం? రా, ఊదు” అన్నాను.

ఊదాడు. లవంగం వాసన తప్ప ఏమీ రాలేదు.

“సరే, పద.”

“వాసన రాదండీ మేడంగారూ. రాత్రి తొమ్మిదింటికి తాగాను. ఉయ్యూరులో మా మేనల్లుడి పెళ్ళి. రెండు పెగ్గులు. మూడోది పోస్తుంటే లేచొచ్చేశాను.”

చేతిలోని నూనె గిన్నె మెట్టు మీద పెట్టేశాను.

వీరభద్రరావు గారు పక్కనే ఉన్నారు. “తొమ్మిదింటిది ఇప్పటిదాకా ఉంటుందటయ్యా! ఊదావుగా, ఏమీ లేదుగా. దిగు. ఆవిడ నాలుగు నెలలు కష్టపడింది” అన్నారు. నియమం రాయించిన మనిషే, నా మీద జాలితో అన్నారు.

“ఉందో లేదో నాకు తెలవదండీ. తెలవనప్పుడు మేడంగార్ని తీసుకుని నది మధ్యకి పోలేను” అన్నాడు బాలశౌరి.

ఈల వేశారు. ఆరు జతలు దిగాయి, ఏడోది మిగిలిపోయింది, ఎనిమిదోది దిగింది. నేను టోపీ పీకి మెట్ల మీద కొట్టాను. “చెప్పకపోతే ఏం పోయేది? నోరు మూసుకుని దిగితే ఏం పోయేది?” అని అరిచాను. లెక్చరర్ని, ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

అతను నాకు రెండు మెట్లు కింద కూర్చున్నాడు. నా వైపు చూడలేదు.

“దారంతా అదే అనుకున్నానండీ, చెప్పకపోతే ఏం పోద్దని. లవంగం కూడా అందుకే నవిలాను. ఇక్కడికొచ్చాక మిమ్మల్ని చూశాను. ఇంకోటి కూడా చెప్పాలండీ. ఆ రోజు చూళ్ళేదన్నాను. చూశాను. మేట మీద పడుకుని ఉన్నాను. మీ చెయ్యి పైకి లేవటం చూశాను, కేక విన్నాను. లేద్దామనుకున్నాను. కాళ్ళు రాలేదు. ఆ ముసలాయన పడవ తిప్పిందాకా చూస్తానే ఉన్నాను. మీటింగులో కూడా ఎవరికీ చెప్పలేదండీ ఇది.”

ఏడాదికి పైగా రోజూ నా మొహం మీద ఊదిన మనిషి కడుపులో ఇది ఉందన్నమాట. కొట్టాలనిపించింది. నిజంగా చెయ్యి లేచింది కూడా. తర్వాత ఏడుపొచ్చింది. నది మీద నారింజ బుడగలు చిన్నవవుతూ అవతలి ఒడ్డు వైపు పోతున్నాయి.

“ఇంటికి పో. మార్తకు చెప్పు. ఆ మీటింగువాళ్ళకు ఫోన్ చెయ్యి, ఇప్పుడే. గురువారం దాకా ఆగకు” అని మాత్రం అన్నాను. అతను అక్కడే నా ఎదురుగా ఫోన్ చేశాడు.

ఆ పగలంతా నాకు అన్నం సయించలేదు. ముప్పై ఏళ్ళలో నేను పరీక్షల్లో కాపీ కొట్టినవాళ్ళను వందలమందిని పట్టుకున్నాను. పట్టుబడ్డాక అందరూ ఒప్పుకుంటారు, కాళ్ళు కూడా పట్టుకుంటారు. పట్టుకునే దారే లేనప్పుడు తనంతట తాను వచ్చి చెప్పినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. రాత్రి తాగింది వాసన రాలేదు. ఆ రోజు చూశాడో లేదో ఆ నదికి తప్ప ఎవరికీ తెలియదు. రెండూ దాచుకోవచ్చు. రెండూ చెప్పాడు. నేను ఇన్నాళ్ళూ అతని ఊపిరి వాసన చూసి నీళ్ళలో దిగానేగాని, అతన్ని నమ్మి ఒక్క రోజూ దిగలేదు. ఆ సంగతి నాకు ఆ సాయంత్రం తెలిసింది.

సోమవారం ఆరింటికి ఘాట్‌కెళ్ళేసరికి వీరభద్రరావు గారు నోటుబుక్కు పట్టుకుని కూర్చున్నారు. వచ్చే ఏటి ఈతకు పేర్లు మర్నాడే రాసుకోవడం ఆయన అలవాటు. అనుమతి రావడానికి ఏడాది పడుతుందని ఆయన గట్టి నమ్మకం. బాలశౌరి చివరి మెట్టు మీద దూరంగా నిలబడ్డాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి, నిద్రపోయినట్టు లేడు.

నన్ను చూసి, “మేడంగారూ, మీకు ఇంకో జతని చూడమని సార్‌కి చెప్పానండీ” అన్నాడు.

“మంచి జతని చూస్తానమ్మా, మీరు తొందరపడకండి” అన్నారు వీరభద్రరావు గారు.

“మీరేం చూడక్కర్లేదండీ. తాగిన రోజున తాగానని చెప్పి గట్టు మీద ఆగిపోయే మనిషి నాకు ఇంకొకరు దొరకరు. రాయండి. రమాసుందరి, బాలశౌరి.”

ఆయన నా మొహం వైపు ఒకసారి చూసి రాసుకున్నారు. బాలశౌరి చేతులతో మొహం కప్పుకున్నాడు. అంత లావు భుజాలూ చిన్నపిల్లవాడివిలా ఎగిరెగిరి పడ్డాయి. నేను మెట్లు దిగి అతని పక్కన నిలబడ్డాను, ఏడుపు ఆగేదాకా.

తర్వాత అతను ఊదడానికి నా వైపు తిరిగాడు. వద్దన్నాను. ఇద్దరం నీళ్ళలోకి దిగాం.