విన్నవారి మాట

మా డిగ్రీ కాలేజీకి ఆ ఏడాది కొత్తగా వచ్చిన తెలుగు లెక్చరర్‌ది ఒక విచిత్రమైన నియమం. నెలకో వ్యాసం రాయాలి. అంతవరకు సరే. రాసినదాన్ని కాలేజీతో సంబంధం లేని మనిషికి ఎవరికైనా చదివి వినిపించాలి. కింద 'విన్నవారి మాట' అని పెట్టి, ఆ మనిషి ఏమన్నదీ ఒక్క వాక్యంలో రాయాలి. ఆ వాక్యం లేకపోతే ఆయన వ్యాసం ముట్టుకోడు, ఇంటర్నల్ మార్కులు వేయడు. రాసి దాచుకునేది డైరీ, అది నాకెందుకయ్యా అనేవాడు.

క్లాసులో అందరూ నవ్వారు. హైదరాబాదు పోయి కంప్యూటర్ కోర్సు చేస్తే చాలు, కొలువు దానంతటదే వస్తుందని ప్రతి ఇంట్లో అనుకునే రోజులు. తెలుగు వ్యాసం ఏ కంపెనీకి కావాలి? నవ్వుతూనే రాశారు. వాళ్లకు వినేవాళ్ల కొదవ లేదు. సాయంత్రం ఇంటికి పోతే నాన్నో, అక్కో, ఎదురింటి ఆంటీయో ఉంటారు. నాకు లేనిది అదే.

మాది మెదక్ దగ్గరి నిజాంపేట. ఆ ఎండాకాలమే మా అమ్మ చనిపోయింది. నాన్న హైదరాబాదులో అక్క దగ్గరికి వెళ్లిపోయాడు. ఇంటికి తాళం పడింది. నేను కాలేజీ ఉన్న మెదక్‌లోనే చర్చి వెనక గల్లీలో ఒక గది కిరాయికి తీసుకున్నాను. అమ్మ పోయిన సంగతి ఆ ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే అయ్యో అంటారు. ఆ తర్వాత ఏమనాలో తోచక ఫోను తీసి చూసుకుంటారు. వాళ్ల అయ్యో నాకక్కర్లేదు అనుకున్నాను. పొగరే, కాదనను. ఆ పొగరు పట్టుకునే రోజులు నెట్టుకొచ్చాను.

ఆ నెల వ్యాసం 'మా ఇంట్లో ఒకరు'. అమ్మ గురించి రాశాను. బతికి ఉన్నట్టే రాశాను. మా అమ్మ అన్నం పెడుతూ ఊళ్లో ముచ్చట్లన్నీ చెబుతుందని, ముచ్చట తెగేదాకా కూర గరిటె గాల్లోనే ఉంటుందని, కంచంలో అన్నం చల్లారినా ఆమెకు పట్టదని, మధ్యలో అడ్డం పడితే ముచ్చట మళ్లీ మొదటికి వస్తుందని రాశాను. రాస్తున్నంతసేపూ ఇంట్లో ఉన్నట్టే ఉంది.

రాయడం అయింది, వినేవాళ్లే లేరు. ఇంటి ఓనరమ్మ చర్చి స్కూల్లో టీచరు, మంచి మనిషి. ఆదివారం ప్రార్థన అయ్యాక వింటానంది. ఆదివారం వాళ్లింటికి చుట్టాలొచ్చారు. ఆ వారంలోనే తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి, కాలేజీ మూతపడింది, పక్క గదుల పిల్లలు దొరికిన ఆటో పట్టుకుని ఊళ్లకు పోయారు. రోజంతా కలిపి నేను పైకి మాట్లాడేది హోటల్లో 'ఒక చాయ్' అన్న మాటే. బందు రోజున అది కూడా లేదు. గదిలో నా గొంతు ఎలా ఉందో చూసుకోవడానికి ఊరికే దగ్గేవాణ్ని.

అప్పుడు తట్టింది, చౌరస్తాలో రిలే నిరాహార దీక్ష టెంటు ఉంది కదా అని. ఒక రోజు వకీళ్లు, ఒక రోజు ఆటోవాళ్లు, రోజుకో సంఘం పొద్దంతా అక్కడ కూర్చుంటుంది. కూర్చున్నవాళ్లకు పనేముంటుంది? ఒక్కడైనా వినకపోతాడా అని వ్యాసం జేబులో పెట్టుకుని పోయాను.

ఆ రోజు టైలర్ల వంతు. కింద పరిచిన షత్రంజి అంచున అలా కూర్చున్నానో లేదో, ఒక కార్యకర్త వచ్చి బంతిపూల దండ నా మెడలో వేశాడు. నా చొక్కా చూస్తేనే తెలియాలి, టైలరు గుమ్మం తొక్కినవాణ్ని కాదని. కాదని చెప్పేలోపు ఫోటో తీశారు. దండ పడ్డాక లేచిపోతే ద్రోహి అంటారు. కడుపు మాడ్చుకుని కూర్చున్నాను. నాయకులు ఒక్కొక్కరే వచ్చి, మాట్లాడి, భోజనాలకు వెళ్లిపోతున్నారు. ఉపవాసం మాకు, ఉపన్యాసం వాళ్లకు.

నా పక్కన నాన్న వయసు టైలరు ఒకాయన కూర్చున్నాడు. ఈయన్ని అడుగుదామని మధ్యాహ్నం కాగితం బయటికి తీశాను. అదే పొరపాటు. ఆ టెంటులో చేతిలో కాగితం ఉంటే వక్త కిందే లెక్క. తమ్ముడు మాట్లాడతాడట అని ప్రకటించి, కార్యకర్త మైకు నా చేతికిచ్చాడు. ఏం చేయాలో తెలియక ఉన్నది చదివేశాను. మా అమ్మ, మా అమ్మ అని మూసి ఉన్న షట్టర్లకు తగిలి మోగింది. గరిటె దగ్గర రోడ్డు మీద ఎవరో నవ్వారు. అయిపోగానే కార్యకర్త మైకు అందుకున్నాడు.

"తెలంగాణ తల్లి గురించి తమ్ముడు మస్తు చెప్పిండు. జై తెలంగాణ!"

అందరూ జై అన్నారు. నేనూ అన్నాను. చౌరస్తా అంతా విన్నది, మా అమ్మ మాత్రం ఎవరి చెవినా పడలేదు. గదిలో ఒక్కణ్నే ఉన్నప్పుడు కూడా అంత ఒంటరిగా లేను.

సాయంత్రం నిమ్మరసం ఇచ్చి దీక్ష విరమింపజేశారు. టెంట్‌హౌస్ పిల్లలు షత్రంజిలు చుడుతున్నారు. పక్కనున్న టైలరు నా జేబు వైపు చూపించాడు.

"గా కాగితంల ఏమున్నది కొడుకా? మైకు పెట్టెలన్ని రోడ్డు దిక్కున్నయి. మాకు గీడ బుర్రుమనుడే గని మాట సమజ్ కాలే. గరిటె అన్నవ్, గదొక్కటి ఇన్న."

మా అమ్మ గురించి రాశానని చెప్పాను.

"మరి మీ అమ్మకు ఇనిపిచ్చినవా?"

నిమ్మరసం గ్లాసు కింద పెట్టాను.

"అమ్మ లేదు కాకా."

మెదక్‌లో ఆ మాట పైకి అనడం అదే మొదలు. అయ్యో అంటాడని ఎదురుచూశాను. ఆయన అనలేదు. షత్రంజి చుట్టుకుంటూ వస్తున్న పిల్లలకు చేయి అడ్డం పెట్టి, జర ఆగుండ్రి, గీ మూల తియ్యకుండ్రి అన్నాడు. నా వైపు జరిగి కూర్చున్నాడు.

"సదువు. ఇప్పుడు ఇంట."

మైకు లేకుండా, ఆయనకు వినపడేంత మెల్లగా చదివాను. గరిటె దగ్గర తప్పిపోయి, ఆ వాక్యం మళ్లీ మొదటినుంచి చదివాను. ఆయన తొందర పెట్టలేదు, వద్దనీ అనలేదు. మిగతాదీ చదివాను. తర్వాత పెన్ను తీసి 'విన్నవారి మాట' కింద రాయడానికి ఆయన ముఖం చూశాను. బాగుందంటాడో, బాగాలేదంటాడో అనుకున్నాను.

"ఇంకేమేం చెప్పేది మీ అమ్మ?" అని అడిగాడు.

అమ్మ పోయాక ఆమె గురించి నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. ఆ వాక్యం కాగితం మీద అలాగే రాసి, పెన్ను జేబులో పెట్టి, చెప్పడం మొదలుపెట్టాను. మెడలో దండ ఇంకా ఉందన్న సంగతి ఇద్దరం మర్చిపోయాం.