బొట్టు పెట్టిన తాళం

2007లో మా హార్డ్‌వేర్ కొట్టు గుంటూరు పట్నంబజారులో ఉండేది. మేకులు, బందులు, గొళ్ళేలు, తాళాలు, రంగు డబ్బాలు అమ్మేవాళ్ళం. మా తాతది కిరాణా, మా నాన్నది ఇనప సామాను, నాది హార్డ్‌వేర్. బోర్డు మీద ఇంగ్లీషు ముక్క చేరింది తప్ప మా నాన్న అమ్మినవే నేనూ అమ్మాను. చిన్నప్పుడు మా ఇంట్లో నేర్పిన మొదటి పాఠం, ‘తక్కెడ చూడు, ఆ తర్వాత తూచేవాడి వేళ్ళు చూడు’ అని. అది నాకు ఎంతగా వంటబట్టిందంటే, పెళ్ళిచూపుల్లో ఇచ్చిన కాఫీలో పంచదార తగ్గితే, వీళ్ళు ఇంకెక్కడెక్కడ తూకం తగ్గిస్తారోనని అనుమానపడ్డాను. ఆ సంగతి మా ఆవిడ నేటికీ నలుగురిలో చెబుతుంది.

ఆ ఏడాది మద్రాసు హోల్‌సేలు వ్యాపారి ఒకాయన నాకు కీప్యాడ్ డెడ్‌బోల్ట్ అనే కొత్తరకం తాళాలు అంటగట్టాడు. మామూలు డోర్ లాకులో నాలుక స్ప్రింగు మీద ఆడుతుంది. సందులో పలచటి రేకు దూర్చి దాన్ని వెనక్కి నెట్టొచ్చు. డెడ్‌బోల్ట్‌కి స్ప్రింగు ఉండదు. ఉక్కు కడ్డీ నేరుగా ద్వారబంధంలోకి దిగి కూర్చుంటుంది. దానికి బయటవైపు టెలిఫోనుకు ఉన్నట్టు అంకెల మీటలు ఉంటే అది కీప్యాడ్ డెడ్‌బోల్ట్. కోడ్ అంటే మనం పెట్టుకున్న నెంబరు. అది నొక్కి, చివర స్టార్ మీట నొక్కితే కుయ్‌మంటుంది. అప్పుడు మీటల కింద ఉన్న మర తిప్పితే తలుపు తెరుచుకుంటుంది.

చాలాకాలం ఎవరూ కొనలేదు. అందరితోనూ ఒకటే సంభాషణ.

“కరెంటు పోతేనో?”

“లోపల పెన్సిల్ బ్యాటరీలు ఉంటాయండి.”

“అవి అయిపోతేనో?”

“ముందే ఎర్ర లైటు వెలుగుతుందండి.”

“ఆ లైటు పాడైతేనో?”

“దానికోసం తాళంచెవి కూడా ఇస్తారండి.”

“ఓరి నీ... తాళంచెవి ఉంటే ఇక ఈ మీటలెందుకయ్యా?”

నేను తాళాన్ని మళ్ళీ అట్టపెట్టెలో పెట్టేసేవాణ్ణి.

సమాధానం వెతుక్కునే అవసరం లేకుండా వచ్చిన మనిషి సాంబశివరావుగారు. మిర్చియార్డులో కమీషన్ వ్యాపారి. నా అనుమానం ఒక చెంబెడైతే ఆయనది బావి. మిరపకాయ బస్తాలో చెయ్యి మోచేతిదాకా దూర్చి అడుగున ఉన్న కాయ తీసి చూసే మనిషి. ఆయన భార్య విజయలక్ష్మిగారు చీరలకు జాకెట్టు గుడ్డలు అమ్మే మ్యాచింగ్ సెంటరు నడిపేవారు. పగలంతా బ్రాడీపేటలోని వాళ్ళ ఇల్లు తాళంలో ఉంటుంది. వంటావిడ నాగేంద్రం మధ్యాహ్నం వచ్చి తలుపు తీసుకుని వండి వెళ్ళాలి.

“తాళంచెవి ఇచ్చామనుకో, డూప్లికేటు చేయించరని గ్యారంటీ ఏంటి?” అన్నారాయన. “నెంబరుకైతే డూప్లికేటు ఉండదుగా?”

“అసలు ఉండదండి. ఈ సంగతి పట్టుకున్న మొదటి మనిషి మీరే,” అన్నాను. అమ్మకం దగ్గర పడినప్పుడు నేను ఎదుటివాడి తెలివిని మెచ్చుకుంటాను. అది మా ఇంటి అలవాటు.

ఆయన తాళాన్ని తిప్పి చూశారు, ఊపి చూశారు, వాసన కూడా చూశారు. తర్వాత బేరం మొదలైంది. యార్డులో తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని ధర తేల్చే మనిషితో నోటితో బేరమాడటం అంటే గోడతో కబడ్డీ ఆడటమే. చివరికి గెలిచింది ఎవరో చెప్పను. బిగింపు కూలి నేనే పెట్టుకున్నానంటే మీకు అర్థమవుతుంది.

మా కార్పెంటర్ మస్తాన్‌వలిని తీసుకెళ్ళి నేనే దగ్గరుండి బిగించాను. టేకు తలుపు మందం కొలిచి, రంధ్రం తొలిచి, కడ్డీ దిగేచోట ద్వారబంధానికి స్ట్రైక్ ప్లేట్ అనే ఇత్తడి రేకు వేశాం. వానాకాలం తలుపు ఉబ్బితే కడ్డీ పూర్తిగా దిగదు కాబట్టి కాస్త వదులు ఉంచాం. ఇంట్లో ఒక్కొక్కరికీ వేర్వేరు నెంబరు పెట్టుకోవచ్చని, దాన్ని యూజర్ కోడ్ అంటారని చెప్పాను.

“ఎన్నని గుర్తుపెట్టుకుంటాం? అందరికీ ఒకటే చాలు,” అన్నారు సాంబశివరావుగారు. ఆ తర్వాత మా ఇద్దరినీ వీధివైపు తిరిగి నిలబడమన్నారు. పెళ్ళిలో తెర పట్టినట్టు, మాకూ ఆ తాళానికీ మధ్య తన వీపు అడ్డం పెట్టారు.

లోపలినుంచి విజయలక్ష్మిగారి గొంతు వినిపించింది. “ఏమండీ, చివర సున్నా మాత్రం పెట్టకండి. శుభం కాదు. మంచి నెంబరు పెట్టండి, నాలుగంకెలు కావాలిగా.”

“నాకు తెలీదా?” అన్నారాయన.

మస్తాన్‌వలి నా చెవిలో, “అన్నా, మనల్ని చూసి తలుపు కూడా భయపడుతుందేమో,” అన్నాడు.

దసరా వెళ్ళిన కొద్దిరోజులకు సాంబశివరావుగారి స్కూటరు మా కొట్టు మెట్టుకు ఆనుకుని ఆగింది. దిగీదిగగానే, “నువ్వు నాకు తాళం అమ్మావా, దొంగని అమ్మావా?” అన్నారు.

పండక్కి దేవుడి గదిలో పెట్టిన వెండి కుందులు కనపడటం లేదట. తలుపు పగలలేదు. తాళం బెసకలేదు. “దాంతో ఇచ్చిన తాళంచెవి నా మొలతాడుకే ఉంది. నెంబరు తెలిసింది మా ఇద్దరికీ, నాగేంద్రానికీ. మేమిద్దరం మా కుందులు మేమే ఎత్తుకుపోం. ఇక మిగిలింది ఎవరు?” అన్నారు. అని నావైపు కాస్త ఎక్కువసేపు చూశారు. “కంపెనీవాళ్ళ మాస్టర్ కోడ్ అని ఏదో ఉంటుందటగా? అది నీ దగ్గర లేదుగదా?”

మాస్టర్ కోడ్ అంటే మిగతా నెంబర్లన్నీ మార్చగల పెద్ద నెంబరు. అది బిగించిన రోజే ఆయన చేత మార్పించాను. ఆ మాటే చెప్పాను. ఆయన నమ్మలేదు. ఆయన స్థానంలో నేనుంటే నేనూ నమ్మేవాణ్ణి కాదు. కొట్టు వదిలి ఆయన వెనకే స్కూటరెక్కాను.

వెళ్ళేసరికి నాగేంద్రం గుమ్మం ముందు మెట్టు మీద కూర్చుని ఉంది. నడివయసు మనిషి. పక్కన గుడ్డసంచి తిరగేసి ఉంది. అందులో ఉన్న తమలపాకులు, బస్సు టికెట్లు, తలనొప్పి మాత్రలు నేల మీద పడి ఉన్నాయి. ఎదురింటి డాక్యుమెంటు రైటరు ప్రసాదుగారు గేటు దగ్గర నిలబడి పేపరు చదువుతున్నారు. మేమెళ్ళిన దగ్గర్నుంచీ ఒక్క పేజీ తిప్పలేదు.

“సంచీ చూశారు. మా ఇంటికొచ్చి కూడా చూసుకోండి బాబుగారూ,” అంది నాగేంద్రం. “ఈ వీధిలో ఇంకో రెండిళ్ళల్లో చేస్తున్నా. దొంగన్న మాట పడిందంటే నన్ను మళ్ళీ ఏ గడపా ఎక్కనివ్వరు. పోలీసుల్ని పిలిచినా నాకు భయం లేదు. ఆ మాట వీధిలో పడితేనే నాకు భయం.”

“తీయకపోతే భయమెందుకు?” అన్నారు సాంబశివరావుగారు.

“తీసినోళ్ళకేం భయమండీ? వాళ్ళకి కుందులున్నాయిగా!”

ఆ జవాబు బాగానే ఉంది. కానీ నేను మా నాన్న కొడుకును. మాట బాగున్నచోట ఇంకాస్త దగ్గరగా చూస్తాను. నాగేంద్రాన్ని చూశాను. తర్వాత మస్తాన్‌వలిని తలుచుకున్నాను. వీపు వెనకనుంచి చూశాడా? విజయలక్ష్మిగారు పుట్టింటివాళ్ళకు ఎవరికైనా చెప్పి ఉంటారా? చివరికి ఆరోజు నేనైనా ఓరకంట చూశానా అని నన్ను నేనే అడిగి, లేదని తేల్చుకుని, ఆ తేల్చినవాణ్ణి పూర్తిగా నమ్మకుండానే తాళం దగ్గరికి వెళ్ళాను.

గీత లేదు, గీరు లేదు. కడ్డీ సరిగ్గా దిగుతోంది. రేకు వదులవలేదు. వంగి మీటలు చూశాను. చూసి, కాసేపు అలాగే వంగి ఉండిపోయాను.

“అమ్మా, దీనికి బొట్లు ఎవరు పెట్టారు?” అని అడిగాను.

“నేనే,” అన్నారు విజయలక్ష్మిగారు. “ఆయుధపూజ రోజు స్కూటరుకు పెట్టాను, మిక్సీకి పెట్టాను, కొట్లో కత్తెర్లకు పెట్టాను. ఇల్లు కాచే తాళానికి పెట్టనా? ఒక్క మీట వదల్లేదు.”

గంధం, దాని మీద కుంకుమ. ఎంతో శ్రద్ధగా, ఒక్కొక్క అంకె మీద ఒక్కొక్క బొట్టు. అన్నీ ఎండి గట్టిపడి అలాగే ఉన్నాయి. మూడు మీటల మీద మాత్రం లేవు. ఒకటి మీద లేదు, ఆరు మీద లేదు, కింద స్టార్ మీద లేదు. రోజూ వేళ్ళు పడేచోట బొట్టు చెరిగిపోయింది. అన్నిటికంటే శుభ్రంగా ఒకటి అంకె మీట తళతళలాడుతోంది.

నాకు నవ్వొచ్చింది. మింగేశాను. గేటువైపు తిరిగి, “ప్రసాదుగారూ, ఒక్కసారి ఇటు రండి,” అని పిలిచాను. ఆయన అప్పటికే సగం దూరం వచ్చేశారు.

“ఒక నెంబరుందండి. నాలుగంకెలది. అందులో ఒకట్లూ ఆర్లూ తప్ప ఏమీ లేవు. ఏమై ఉంటుంది?”

ఆయన క్షణం కూడా ఆగలేదు. “వెయ్యినూటపదహార్లు! ఎవరి పెళ్ళికి చదివిస్తున్నారేంటి?”

నేను వేలు పెట్టి ఒకటి, ఒకటి, ఒకటి, ఆరు, స్టార్ నొక్కాను. తాళం కుయ్‌మంది. మర తిప్పాను. కడ్డీ వెనక్కి జరిగి తలుపు తెరుచుకుంది.

పురోహితుడికిచ్చే సంభావన నుంచి పెళ్ళిలో మైకులో చదివే కానుకదాకా, సున్నాతో ముగిస్తే శుభం కాదని మనం పక్కన పదహారు చేరుస్తాం. నాలుగంకెల మంచి నెంబరు పెట్టమంటే తెలుగింట్లో పెట్టేది అదే. ఎవరికీ తెలియకూడదని వీపు అడ్డంపెట్టుకుని మరీ ఆయన పెట్టిన నెంబరు, వీధిలో అందరికీ పుట్టుకతో వచ్చిన నెంబరు.

సాంబశివరావుగారు మెల్లగా ప్రసాదుగారివైపు తిరిగారు. “ఇంతకీ... నువ్వు అంత టక్కున ఎట్లా చెప్పావు?”

“అదేంటండీ? అంటే మీ కుందులు నేను తీశాననా?”

“అనలేదు. అడిగాను.”

“అంకెల మీద బొట్లు నువ్వు చెరుపుకుని నన్ను అంటావా సాంబశివరావ్? రేపు మీ ఆవిడ బీరువాకీ బొట్టు పెడుతుంది. అప్పుడు ఎవర్నంటావు?”

ఇద్దరికీ మధ్య నిలబడ్డాను. “బాబూ, ఈ గుమ్మం ముందుకొచ్చే పాలవాడు, కేబులువాడు, పోస్టుమాను, చందాలవాళ్ళు, చుట్టాలు, మీరు, నేను, అందరం ఈ మీటలు చూసినవాళ్ళమే. నెంబరు తెలిసింది ముగ్గురికే అన్నమాట ఇక చెల్లదు,” అన్నాను.

“మరిప్పుడు ఎవర్ని అనుమానించాలయ్యా?” అన్నారాయన. ఆయన కంఠంలో నిజమైన దిగులు వినిపించింది. కుందులు పోయినందుకు కాదది. చేతిలో ఉన్న ఒక్క అనుమానమూ జారిపోయినందుకు.

విజయలక్ష్మిగారు మెట్టు దగ్గరికి వచ్చారు. కింద పడిన తమలపాకులు ఏరి సంచిలో పెట్టారు. “రా నాగేంద్రం. లోపలికి రా. కాఫీ తాగుదువుగాని.”

నాగేంద్రం లేవలేదు.

నేను నా కొట్టు బుద్ధి పోనిచ్చుకోలేదు. ఆ పూట మంచి పేరుతో ముగించుకుందామని, “ఇప్పుడు నెంబరు మార్చేస్తానండి. నాగేంద్రానికి వేరే యూజర్ కోడ్ పెడతాను. ఆమె నెంబరు ఆమెకే. ఇక గొడవుండదు,” అన్నాను.

“నాకొద్దండీ,” అంది నాగేంద్రం.

“ఎందుకొద్దు? నీకే మంచిది.”

“నెంబరు తెలిసినందుకే గదండీ నన్ను దొంగన్నారు. రేపు ఇంకోటి కనపడకపోతే, నా నెంబరు నాకే ఉంది కాబట్టి నేనే అంటారు. అమ్మగారు ఇంట్లో ఉండి తలుపు తీస్తే వస్తా, వండిపెడతా. ఆ నెంబరు మాత్రం నా చెవిన వెయ్యకండి.”

నేను వంగి, తడిగుడ్డతో బొట్లన్నీ తుడిచాను. విజయలక్ష్మిగారు ‘అయ్యో’ అన్నారు గాని ఆపలేదు. ఈసారి సాంబశివరావుగారు అర్థంపర్థం లేని నెంబరు పెట్టుకున్నారు. చివర సున్నా కూడా ఉందేమో, నేను చూడలేదు.

ఆ కుందులు దొరకలేదు. నాగేంద్రం తీయలేదని నేను రుజువు చేయలేదు. ఆమే తీసిందనటానికి రుజువు లేదని మాత్రం చూపించాను. కొట్టు నడిపేవాడికి ఈ రెంటికీ తేడా తెలుస్తుంది. వీధికి తెలియదు. అయితే ఆరోజు ప్రసాదుగారు తన మీద పడిన మాటను దులుపుకోవటానికి వెయ్యినూటపదహార్ల కథ ఇంటింటికీ చెప్పారు. దాంతో మిగతా రెండిళ్ళవాళ్ళు నాగేంద్రాన్ని మానిపించలేదు. సాంబశివరావుగారు చాలాకాలం ప్రసాదుగారిని అనుమానించారు. ప్రసాదుగారు నన్ను అనుమానించారు. నేను ఎవర్ని అనుమానించానో ఇక్కడ రాయను. వాళ్ళు ఇప్పటికీ మా కొట్టుకు వస్తారు.

ఆ తర్వాత ఇలాంటి తాళం కోసం ఎవరొచ్చినా తలుపు మందం అడగటానికి ముందు, “నెంబరు ఎవరెవరికి చెబుతారండీ?” అని అడిగేవాణ్ణి. ఇంట్లో ఏదైనా పోయినప్పుడు మొదట గుర్తుకొచ్చే మనిషి ఎవరో వాళ్ళకు నెంబరు చెప్పొద్దనేవాణ్ణి. వాళ్ళు తీస్తారని కాదు. నెంబరు చెప్పటమంటే నమ్మకం చూపించామని మనం అనుకుంటాం. తీసుకున్న మనిషికి అది మన అనుమానాన్ని దాచిపెట్టుకోమని చేతికివ్వటమే. ఈ మాటల వల్ల రెండు మూడు బేరాలు పోయాయి కూడా. మా నాన్న ఉంటే తిట్టేవాడు.

విజయలక్ష్మిగారు రోజూ మధ్యాహ్నం మ్యాచింగ్ సెంటరు మూసి, రిక్షా కట్టించుకుని ఇంటికొచ్చి తానే తలుపు తీసేవారు. ఒకసారి మా కొట్టుకొచ్చినప్పుడు చెప్పారు. ఆమె మీటలు నొక్కుతున్నంతసేపూ నాగేంద్రం గేటు బయటే నిలబడి, వీధివైపు తిరిగి ఉంటుందట. తాళం కుయ్‌మన్నాక కూడా, “రా” అని పిలిస్తేనే ఇటు తిరుగుతుందట.