టోపీ పెద్దమ్మ

మా ల్యాబులో పసిపిల్లల తలకు తీగల టోపీ తొడిగే ఆయాను అందరం టోపీ పెద్దమ్మ అంటాం. పదకొండేళ్లుగా ఆమె చేతిలో ఏడుపు మానని బిడ్డ లేదు. స్పీకరులో తల్లి గొంతు వినిపిస్తే పిల్లల మెదడు ఎలా స్పందిస్తుందో టోపీ పట్టేస్తుంది. పరీక్ష జరిగేటప్పుడు గదిలో బిడ్డ, పెద్దమ్మ తప్ప పురుగు కూడా ఉండకూడదు. మా ప్రొఫెసరుగారికి అంత పేరు తెచ్చింది ఆ ఫలితాలే.

మొన్న పోస్ట్ డాక్టరల్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకొచ్చిన అమ్మాయి మా గ్రాఫులు తిరగేసి, "సార్, సగంమంది పిల్లల మెదడు స్పీకరు మోగకముందే స్పందించిందేంటి?" అంది.

సార్ ముఖాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. నిన్నగాక మొన్న చదువు ముగించిన పిల్ల మాకు వంకలు పెడుతుందా? దాని నోరు మూయిద్దామని పెద్దమ్మను నేనే పిలిచాను.

"స్పీకరు మోగేటప్పుడు నువ్వేం చేస్తావో చెప్పు పెద్దమ్మా."

ఆమె తడి చేతులు తుడుచుకుంటూ తాపీగా చెప్పింది.

"స్పీకరా? దాని చప్పుడుకి పిల్లలు జడుసుకుంటున్నారని చేరిన వారమే తీగ పీకేశా బాబూ."

నేను గబుక్కున గ్రాఫుల వైపు తిరిగాను.

"అప్పట్నుంచీ నేనే 'నా చిట్టితల్లీ' అని పిలుస్తున్నా. ఏం, పలకట్లేదా పిల్లలు?"