మొట్టమొదటి పిల్ల

ఆత్మకూరు బస్టాండు అవతలి ఆడపిల్లల కాలేజీని ఎప్పుడో ఒక మిషన్ దొరసాని పెట్టింది. ఆమె పేరు చెక్కిన రాతిపలకను కొంగుతో తుడిచాకే గేటు కాసే వెంకమ్మ ఆకువక్క నోట్లో వేసుకుంటుంది. మగవాళ్ళు గేటు దాటకూడదన్నది దొరసాని పెట్టిపోయిన కట్టడి. అందుకే హాస్టల్లో చేరే పిల్లల ఏడుపులన్నీ వెంకమ్మ స్టూలు దగ్గరే. ఈ ఏడు ఉదయగిరి నుంచి గొర్రెలు మేపే మాలకొండయ్య కూతురు చైత్ర వచ్చింది. "నాయనా, నేనూ వచ్చేస్తా" అంటూ తండ్రి కండువా వదలదు. వెంకమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. "ఈ కాలేజీలో మొట్టమొదట చేరిన పిల్లది ఏ ఊరనుకున్నావే? మీ ఉదయగిరే! గొర్రెలోళ్ళ పిల్ల. నీకంటే ఎక్కువ ఏడ్చినాది. ఆనక ఇక్కడే టీచరమ్మ అయినాది." చైత్ర ముక్కు ఎగబీల్చి కండువా వదిలింది. కళ్ళు తుడుచుకుంటూ మాలకొండయ్యే బస్సెక్కాడు.

వారం తిరక్కముందే చైత్ర, తన గదిలో ఉండే కలువాయి పిల్ల సుకన్యను వెంటబెట్టుకొచ్చి నిలదీసింది. "ఏందవ్వా, ఆ మొదటి పిల్లది కలువాయని ఈమెకు చెప్పినావంట! ఇంతకీ ఏ ఊరు?"

వెంకమ్మ తాపీగా వక్క కొరికింది.

"గేటు కాడ ఏ పిల్ల ఏడస్తా ఉంటే, ఆ పిల్ల ఊరేలేమ్మా."