వల విప్పని పంచాయితీ

ఆ రోజుల్లో మా ఊరికి టపా మనిషి రావాలంటే పడవ దొరకాలి, గాలి అనుకూలించాలి. పుకారుకి ఆ బాధ ఉండేది కాదు పిల్లలూ. నేను పులికాట్ సరస్సు ఇవతలి కుప్పానికి కోడలిగా వచ్చిన ఏడు. (కుప్పమంటే చేపలు పట్టేవాళ్ల పల్లె.) నా పుట్టిల్లు అవతలి కుప్పం. వారంలో మా చెల్లెలి పెళ్లనగా, మా చినమామ వలని అవతలివాళ్లు కోసేశారని గుప్పుమంది. (నూలు వల ఇంటిల్లిపాదీ కూర్చుని అల్లేది, పోతే పొయ్యి ఆరినట్టే.) పొద్దున ఒక్క వలే, అన్నం ఉడికేసరికి పది వలలు, మధ్యాహ్నానికి చినమామ చెయ్యి కూడా తెగిపోయింది. ఆయనేమో మా అరుగు మీద, చుట్టిన తడి వల మీద కూర్చుని రెండు చేతులా పొగాకు నలుపుతున్నాడు.

మా మామ కుప్పానికి పెద్ద. తగువు ముదిరితే రెండు కుప్పాలకీ రాకపోకలు ఉండకూడదని కట్టడి వేస్తారు. ఇక నాకు చెల్లెలి పెళ్లెక్కడిది? కాలు నిలవక, తోమిన కుండనే మళ్లీ మళ్లీ తోమాను.

పంచాయితీకి కుప్పమంతా చేరాక మామ ఇసుకలో గీత గీశాడు. "కళ్లారా చూసినోళ్లు ఈ పక్క, విన్నోళ్లు ఆ పక్క కూసోండ్రా."

ఆ పక్క చోటు చాల్లేదు. ఈ పక్క ఒక కుక్క పడుకుంది.

"నువ్వు గూడా చూళ్లేదంట్రా?" అన్నాడు మామ తమ్ముడితో.

"లాగేటప్పుడు బొక్క కనపడిందన్నా. కత్తే అనుకున్నా. సాక్ష్యం చెడిపోతాదని అట్నే చుట్టి, ఎవుర్నీ తాకనీలా."

"లెయ్. విప్పు."

విప్పుతూనే "ఓర్నాయనో!" అని ఎగిరాడు. వేలికి ఇంత మండపీత వేలాడుతోంది.

"చెయ్యి తెగిందంటే నేన్నమ్మలేదే!" అంది మా అత్త.

అందరూ నవ్వారు గానీ మామ నవ్వలేదు. వలంతా తడిమి చూశాడు. "ఈ కొరుకుడు బొక్కలు పీత పనే. ఈ మూల బొక్క ఎవురు చేసినారో తెలీదు. తెలీనిదాన్ని తెలీదనే చెప్పండి. కట్టడి లేదు, పొండి." నా వైపు తిరిగి, "నువ్వు పెళ్లికి పొయ్యిరా అమ్మాయ్" అన్నాడు.

మీ తాత పడవలో దించాడు. ఒడ్డెక్కీ ఎక్కకముందే మా అమ్మ నా తల పట్టుకుని ఒకటే ఏడుపు. అత్తింట్లో నన్ను కొట్టి జుట్టు కత్తిరించారని అక్కడ చెప్పుకుంటున్నారట! "లేదమ్మా, బాగా చూసుకుంటన్నారు" అన్నానో లేదో, మా పెద్దమ్మ కళ్లొత్తుకుంది. "అత్తింటి గుట్టు ఎట్టా దాస్తా ఉందో చూడండి, నా తల్లి! సవరం గూడా పెట్టి పంపినారు."

ఇక చేసేదేముంది? పెళ్లిపందిరంతా జడ ముందుకేసుకుని, కావాలంటే లాగి చూడండని తిరిగాను. ఇప్పుడీ నాలుగు తెల్ల వెంట్రుకల్నీ ముడేసుకుంటూ అద్దంలో చూసుకుంటే, ఉక్రోషంతో జడ పట్టుకు తిరిగిన ఆ పిల్ల గుర్తొస్తుంది. నవ్వొస్తుంది.